విందుభోజనము విషము కాకుండుటకు
(పంచాయతీ సభ్యులకు ఆరోగ్య పాఠము)

మన గ్రామములలో పెండ్లి జరిగినను, జాతర జరిగినను ఊరివారందరు బంతులు తీరి భుజించుట ఆచారము. ఒక్కొక్కప్పుడు విందు ముగిసిన కొన్ని గంటలకే పలువురకు వాంతులు, విరేచనములు ప్రారంభమగును. దిష్టి తగిలినదని కొందరు, వడదెబ్బయని కొందరు తలతురు. పెండ్లివారి పరువు పోవునను సంకోచముతో విషయమును దాచువారును గలరు. ఈ దాపరికమువలన పసిపిల్లలకును, వృద్ధులకును ప్రాణాపాయము కలుగవచ్చును. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును చక్కగా తెలిసికొనవలెను.

కారణములు

ఆహారమును చెరచునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. తేమయు, వెచ్చదనమును లభించినచో వీనిలో అనేకములు 20 నిమిషముల కొకసారి రెట్టింపగును. ఈ లెక్కన ఒక్క క్రిమి 7 గంటలలో 20 లక్షలకు మించును. 5 మొదలు 60 సెంటీగ్రేడు డిగ్రీల వరకు గల వేడిమి వీనికి అనుకూలము. మధ్యాహ్నము వండి గంగాళములో నుంచిన అన్నము సాయంకాలమునకు ఈ హద్దులలోనే యుండును. రుచియు, వాసనయు మారకున్నను అది అపాయకరము కావచ్చును.

సాల్మొనెల్లా యను క్రిమి పచ్చిమాంసము, గ్రుడ్లద్వారా సంక్రమించును. బాగుగా ఉడికించినచో నశించును. స్టెఫిలోకాకస్ అనునది వంటవారి చేతిపుండ్లనుండియు, ముక్కునుండియు ఆహారములో చేరును. బాసిలస్ సీరియస్ అనునది బియ్యములో బీజరూపమున నుండి, ఉడికినను చావక, నిలువయున్న అన్నములో వృద్ధి పొందును. ఈ రెండును అన్నములో విడుచు వాంతి కలిగించు విషము మరల కాచినను పోదు. కావున వేడిచేసితిమి గదా యను ధైర్యము ఇచట చెల్లదు. కలరా క్రిమి ముఖ్యముగా కలుషితజలముద్వారా వ్యాపించును. అది పుట్టించు విషమే విరేచనములకు కారణమని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను.

నివారణోపాయములు

1. వండువారును, వడ్డించువారును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. చేతిపుండ్లు, విరేచనములు గలవారిని ఆనాడు వంటకు నియమింపరాదు.

2. పచ్చిమాంసము కోసిన కత్తితో, కడుగకుండ, కూరగాయలు కోయరాదు.

3. వంట భోజనవేళకు సమీపముగా ముగియవలెను. వండిన పదార్థములను పొగలు గ్రక్కుచుండగనే వడ్డింపవలెను. రెండు గంటలకు మించి చల్లారనిచ్చి యుంచరాదు. మిగిలిన అన్నమును పేదలకు పంచదలచినచో బంతులు లేచిన వెంటనే పంచవలెను. రాత్రివరకు నిలువయుంచి పెట్టిన అన్నదానము రోగదానమగును.

4. బావినీటిని శుద్ధిచేయవలెను. 1000 లీటర్ల నీటికి 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు చాలును. 3 మీటర్ల అడ్డుకొలతయు, 4 మీటర్ల నీటిలోతును గల గుండ్రని బావిలో సుమారు 28 వేల లీటర్ల నీరుండును. దానికి 70 గ్రాముల పొడి కావలెను. పొడిని బొక్కెనలో ముద్దగా కలిపి, నీరు పోసి, సున్నము అడుగునకు దిగిన పిమ్మట పైతేటను మాత్రమే బావిలో కలుపవలెను. ఒక గంట గడచువరకు నీరు తోడరాదు.

వ్యాధి కనిపించినచో

వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలుపవలెను. మిగిలిన ఆహారమును ఎవరును తినకుండ చూచి, పరీక్షకై కొంత మూతపెట్టి యుంచవలెను. రోగి శరీరములోని నీరు తరిగిపోవుటయే ముఖ్యమైన అపాయము. ఓ.ఆర్.ఎస్. పొట్లము లేనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. టీ చెంచాతో తలకొట్టి కొలువవలెను. 1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరములో కలరా ప్రబలినపుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఇట్టి ద్రావణముతోనే అనేకుల ప్రాణములు కాపాడెను. మలములో రక్తము పడినను, మూత్రము ఆగినను, రోగి మగతగా నున్నను క్షణమైన ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను.

సభ్యులారా! రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చింపుడు. మీ ఊరి బావుల కొలతలు వ్రాయించి, ఒక్కొక్కదానికి కావలసిన పొడి ఎంతయో గట్టుపైననే తెలుపుడు. విందు తలపెట్టిన గృహస్థును ముందుగా కలిసికొని, చేతులు కడుగుటకు నీరును, సబ్బును ఏర్పరుపుమని కోరుడు. ఆయన పరువును, అతిథుల ప్రాణములను కాపాడునది ఈ ముందుజాగ్రత్తయే.