అట్టపెట్టె మగ్గం: పూసల నేతలో తొలి పాఠం

‘మగ్గం వర్క్’ అనే మాట మన నగరంలో అందరికీ తెలిసిందే. శ్రీనగర్ కాలనీ నుంచి అమీర్‌పేట, పంజాగుట్ట వైపు నడిస్తే బ్లౌజులు కుట్టే దుకాణాల ముందు ఆ బోర్డు తరచూ కనబడుతుంది. పేరులో మగ్గం ఉన్నా ఆ పనిలో నేత లేదు. నేసిన బట్టను కర్ర చట్రానికి బిగించి, దాని మీద జరీ, పూసలు, చమ్కీలు కుడతారు. పాతబస్తీ పనివారు ఆ చట్రాన్ని కార్చోబ్ అంటారు.

ఈ పాఠంలో చెప్పే పూసల పనికి బట్ట అక్కర లేదు. నిలువుగా బిగించిన పడుగు దారాలు, అడ్డంగా నడిచే పేక దారం, ఈ రెంటి మధ్య పూసలు ఉంటే చాలు. కాబట్టి ఇది నిజంగా మగ్గం మీద జరిగే పనే. ఇందుకు కావలసిన మగ్గం ఎంత చిన్నదంటే, చెప్పుల పెట్టెతో అరగంటలో తయారవుతుంది. సెలవుల్లో పిల్లలకు చేతిపని నేర్పాలనుకునే తల్లులకు, కుట్టు తరగతులు నడిపే సోదరీమణులకు పనికివస్తుందని దీన్ని రాస్తున్నాను.

పూసలను ఇలా మగ్గం మీద నేసే పనికి ప్రపంచంలో బాగా పేరు తెచ్చినవారు ఉత్తర అమెరికా ఆదివాసులు. యూరప్ వర్తకుల ద్వారా గాజు పూసలు చేరాక నడుముపట్టీలు, సంచి పట్టీలు ఈ పద్ధతిలో నేశారు. 20వ శతాబ్దంలో అక్కడి కంపెనీలు ఇనుప తీగతో చేసిన చిన్న మగ్గాన్ని, పూసలను ఒక పెట్టెలో పెట్టి పిల్లల ఆటవస్తువుగా అమ్మాయి. మనం చేసుకునే అట్టపెట్టె మగ్గం కూడా ఆ ఆటవస్తువు లాంటిదే.

కావలసిన వస్తువులు

చెప్పుల పెట్టె ఒకటి, సుమారు 30 సెంటీమీటర్ల పొడవుది. పళ్ళు సమానంగా ఉన్న ప్లాస్టిక్ దువ్వెనలు రెండు. పెన్సిల్ ముక్కలు రెండు. గట్టి టేపు. తేలిగ్గా తెగని నైలాన్ లేదా పాలియెస్టర్ దారం. పూసల సూది. గళ్ళ కాగితం. రెండు మూడు రంగుల గాజు పూసలు.

పూసలను నంబరుతో అడగాలి. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 11 నంబరు పూస సుమారు 2 మిల్లీమీటర్లు, 8 నంబరు పూస సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. నేర్చుకునేవారికి 8 నంబరు మేలు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే బేగంబజార్ దగ్గరే. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లోనూ పూసలు దొరుకుతాయి. కొనేముందు గుప్పెడు పూసలను తడి గుడ్డతో రుద్ది చూడండి. రంగు ఊడితే పిల్లలకోసం కొనవద్దు.

మగ్గం కట్టడం

పెట్టె మూత తీసేయండి. పెట్టె పొట్టి గోడలు రెండింటికీ చెరొక దువ్వెనను టేపుతో అతికించండి. పళ్ళు పైకి ఉండాలి, గోడ అంచు దాటి ఒక సెంటీమీటరు కనబడాలి. దువ్వెనల కింద రెండు గోడల మధ్యలోనూ చిన్న రంధ్రం చేయండి.

మొదటి పట్టీకి వరుసకు 9 పూసలు, మొత్తం 50 వరుసలు అనుకుందాం. ఒక్కొక్క వరుస 3 మిల్లీమీటర్ల ఎత్తు కనుక 50 వరుసలకు 15 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. పుస్తకంలో పెట్టుకునే గుర్తుపట్టీకి అది చాలు. మొత్తం పూసలు 450.

పడుగు దారాలు ఎప్పుడూ పూసల కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. ప్రతి పూసకూ రెండు వైపులా దారం ఉండాలి కదా! అందుకని 9 పూసలకు 10 దారాలు. ఒక్కొక్కటి 60 సెంటీమీటర్ల చొప్పున 6 మీటర్ల దారం పడుతుంది.

పది దారాలను ఒక కొసన కలిపి ముడి వేసి, ఒక గోడ రంధ్రంలోంచి లోపలికి తీసి పెన్సిల్ ముక్కకు కట్టండి. అక్కణ్ణుంచి ఒక్కొక్క దారాన్ని దువ్వెన పళ్ళ సందుల్లో వరుసగా వేసి, రెండో దువ్వెన మీదికి తెచ్చి, అవతలి రంధ్రంలోంచి లాగి రెండో పెన్సిల్‌కు కట్టండి. పెన్సిల్‌ను తిప్పితే దారాలు బిగుస్తాయి. వేలితో మీటితే కదిలి వెంటనే తన చోటికి వచ్చేంత బిగువు చాలు. అప్పుడు పెన్సిల్ తిరిగిపోకుండా టేపు వేయండి. పెట్టె లోపలికి వంగుతుంటే రెండు గోడల మధ్య ఒక కర్రముక్కను అడ్డంగా నిలపండి.

నేత

మీటరు పొడవు పేక దారాన్ని సూదికి ఎక్కించి, ఎడమవైపు చివరి పడుగుకు ముడి వేయండి. కొస 15 సెంటీమీటర్లు వదలాలి. తర్వాత ప్రతి వరుసలోనూ చేసేది ఇదే:

1. సూదికి 9 పూసలు ఎక్కించండి.
2. దారాన్ని పడుగు కిందుగా ఎడమ నుంచి కుడికి తీసుకెళ్ళండి.
3. ఎడమ చూపుడు వేలితో కింద నుంచి పూసలను పైకి నెట్టండి. రెండు దారాల మధ్య ఒక్కొక్క పూస కూర్చోవాలి.
4. సూదిని పడుగు పైగా కుడి నుంచి ఎడమకు, తొమ్మిది పూసల రంధ్రాల్లోంచి వెనక్కి తీసుకురండి.
5. దారాన్ని మెల్లగా లాగి, వరుసను ముందు వరుసకు ఆనించండి.

పోయేటప్పుడు కింద, వచ్చేటప్పుడు పైన. ఈ పనికంతటికీ మూలసూత్రం ఇదొక్కటే. పడుగు దారం ఈ రెండు నడకల మధ్య చిక్కుకున్నప్పుడే పూస నిలుస్తుంది. దారం అయిపోవస్తే కొసను పాత వరుసల్లోకి తిప్పి దాచి, కొత్త దారాన్ని అలాగే మొదలుపెట్టాలి. ఒక్కో వరుసకు సుమారు 5 సెంటీమీటర్ల పేక పడుతుంది కాబట్టి పట్టీ మొత్తానికి రెండున్నర మీటర్లు, కొసలకు మరికొంత చాలు.

ముగింపులో పూసలు లేకుండా పేకను మాత్రమే పడుగులో కిందికీ పైకీ అల్లుతూ ఒక సెంటీమీటరు నేయండి. పడుగు కోసి, ఆ అల్లిక భాగాన్ని వెనక్కి మడిచి, కొసలు కనబడకుండా బట్టముక్క వేసి కుట్టండి. మొదలులోనూ ఇలాగే ఒక సెంటీమీటరు అల్లి ఉంచితే రెండు చివరలూ ఒకేలా ముగుస్తాయి.

తప్పు ఎక్కడ దాగుతుంది

తిరిగి వచ్చేటప్పుడు సూది ఒక పడుగుకు కిందుగా పోయిందనుకోండి. పైనుంచి చూస్తే ఏ తేడా కనబడదు. రంగులు సరిగ్గానే ఉంటాయి. పట్టీని మగ్గం నుంచి కోసిన తర్వాతే అక్కడి పూసలు వదులై ఊగుతాయి. అప్పుడు సరిచేయడం కష్టం. అందుకని ప్రతి వరుస పూర్తికాగానే పడుగు దారాలను ఒక్కొక్కటిగా గోటితో కింద నుంచి పైకి నెట్టి చూడాలి. పట్టుకోని దారం పైకి లేస్తుంది. వెంటనే ఆ ఒక్క వరుసనే విప్పితే సరిపోతుంది.

ఖుర్ఆన్‌లోని 34వ సూరా ‘సబా’లో దావూద్ (అలైహిస్సలాం) ప్రస్తావన మనకు తెలుసు. అల్లాహ్ ఆయనకోసం ఇనుమును మెత్తబరచి, కవచాలు చేయమనీ, వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమనీ ఆదేశించాడు. కవచంలో ఒక్క కడియం వదులైతే బాణం అక్కడే దిగుతుంది. చేతిపనిలో కొలత ఎంత ముఖ్యమో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర లేదు.

లెక్కలు, నమూనాలు

పూసలతో లెక్క మన ఇళ్ళలో కొత్త కాదు. తస్బీహ్ తిప్పే చేతికి 33, 99 తెలుసు. 9 పూసల పట్టీలో 11 వరుసలు నేస్తే 99 పూసలు. అదే పట్టీని మూడు రంగుల్లో, రంగుకు 33 చొప్పున నేయమంటే పిల్లలు ఆలోచించాలి. 33 ని 9 తో భాగిస్తే మూడు వరుసలు నిండి 6 పూసలు మిగులుతాయి. రంగు వరుస మధ్యలో మారుతుంది. భాగహారంలో శేషం అంటే ఏమిటో కంటికి కనబడే సందర్భం ఇది.

నమూనాను ముందు గళ్ళ కాగితం మీద వేయాలి. ఒక గడి అంటే ఒక పూస. ఒకరు చదవాలి, ఇంకొకరు ఎక్కించాలి: ‘రెండు నీలం, ఐదు తెలుపు, రెండు నీలం.’ ఉర్దూ మాట్లాడే ఇంట్లో ‘దో నీలే, పాంచ్ సఫేద్, దో నీలే’ అంటారు. ఏ భాషలో చదివినా మొత్తం 9 రావాలి. రాకపోతే నేయకముందే తప్పు తెలిసిపోతుంది.

ఒక చిక్కు ముందే చెప్పాలి. కాగితం మీద గడి చదరం. మగ్గం మీద పూస వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ. కాబట్టి కాగితం మీద చక్కగా ఉన్న నెలవంక పట్టీ మీద నిలువుగా సాగినట్టు వస్తుంది. నమూనాను కాస్త పొట్టిగా, వెడల్పుగా గీసుకుంటే సరిపోతుంది. మధ్యలో బొమ్మ రావాలంటే వరుసలో బేసి సంఖ్య పూసలు ఉండాలి. నమూనాల కోసం ఎక్కడికో పోనక్కర లేదు. సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధుల జాలీ పనిలో నక్షత్రాలు, బహుభుజాలు ఎన్నో ఉన్నాయి. పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళి, ఒక జాలీలో తిరిగి తిరిగి వచ్చే ముక్క ఏదో వెతికి గీయమనండి.

ఆట ఎక్కడ ఆగాలి

చేతిపని ద్వారా చదువు అనే ఆలోచనకు మన దేశంలో రూపం ఇచ్చినవారిలో ముఖ్యులు డాక్టర్ జాకిర్ హుసేన్. ఆయన 1897లో మన హైదరాబాద్‌లోనే పుట్టారు. 1937లో వార్ధాలో గాంధీజీ ఆధ్వర్యంలో జరిగిన విద్యాసదస్సు తర్వాత ఏర్పడిన కమిటీకి ఆయనే అధ్యక్షులు. ఏడేళ్ళ ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, వడకడం నేయడం లాంటి ఒక చేతిపని చుట్టూ మిగతా పాఠాలు అల్లడం ఆ పథకంలోని ముఖ్యాంశాలు. అయితే పని వల్ల వచ్చే డబ్బు మీద దృష్టి పడి చదువు వెనకబడే ప్రమాదం ఉందని ఆ కమిటీ నివేదికే హెచ్చరించింది.

ఆ హెచ్చరిక పాతదైపోలేదు. 2015 జనవరిలో పాతబస్తీలో గాజులు తయారుచేసే ఇరుకు గదుల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లలను పోలీసులు విడిపించారు. బీహార్ నుంచి తెచ్చిన పిల్లలే ఎక్కువ. వాళ్ళ చేతిలో ఉన్నవీ రంగులూ రాళ్ళూ మెరుపులే. కానీ అక్కడ ఆపే హక్కు పిల్లవాడికి లేదు.

2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి వేళలు అయ్యాక ఇంటివారికి ప్రమాదం లేని పనిలో సాయం చేయడానికి మాత్రం మినహాయింపు ఉంది. ఈ మినహాయింపు నీడలో ఆట మెల్లగా కూలిపనిగా మారవచ్చు. కనుక తరగతి నడిపేవారు కొన్ని నియమాలు పెట్టుకోవాలి. పిల్లలు నేసినది అమ్మకూడదు. తమ దగ్గర ఉంచుకోవాలి, లేదా ఈద్‌కు అమ్మీకో నానీకో ఇవ్వాలి. ఒకసారి కూర్చుంటే అరగంట చాలు. వెలుతురు ఉన్నప్పుడే నేయాలి. ఎనిమిదేళ్ళ లోపువారికి పెద్ద పూసలు, మొనలేని సూది ఇవ్వాలి. పాకే పిల్లలున్న ఇంట్లో పూసలను మూతపెట్టిన డబ్బాలోనే ఉంచాలి. మింగితే గొంతుకు అడ్డం పడతాయి.

పెద్దవారికి ఒక లెక్క

ఇదే పట్టీని అమ్మకానికి నేయాలనుకునే అక్కచెల్లెళ్ళు ముందు గడియారం చూసుకోవాలి. వరుసకు 2 నిమిషాలు పడితే 50 వరుసలకు 100 నిమిషాలు. ముగింపుకు 20 నిమిషాలు. మొత్తం 2 గంటలు. పూసలు, దారం ఖర్చు 15 రూపాయలు అనుకుందాం. ఎవరైనా పట్టీకి 40 రూపాయలు ఇస్తానంటే చేతికి మిగిలేది 25. గంటకు పన్నెండున్నర రూపాయలు. ఈ మాట కాగితం మీద కనబడితే ‘ఇంతకు రాదు భాయ్’ అని చెప్పగల ధైర్యం వస్తుంది. ముక్కకు ఇంత అని ఇంటి దగ్గర పని చేసే ఎంతోమంది స్త్రీలకు ఈ లెక్క ఎవరూ వేసి చూపలేదు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) బోధ మనందరికీ తెలుసు. ఆ కూలి ఎంతో తేల్చే లెక్క కూడా నేర్పితేనే మన కుట్టు తరగతులు పూర్తయినట్టు.

ఈ పట్టీలతో సంసారం నడుస్తుందని చెప్పడం లేదు. ఒక అట్టపెట్టె, రెండు దువ్వెనలు, గుప్పెడు పూసల ఖర్చుతో పిల్లలకు లెక్క, ఓపిక, తన తప్పును తానే పట్టుకునే అలవాటు వస్తాయి. ఈ సెలవుల్లో ఒక్క పెట్టెతో మొదలుపెట్టండి. అల్లాహ్ మన పిల్లల చేతులకు నేర్పునూ, మన లెక్కలకు న్యాయాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.