అంతర్జాల రేడియోలో పాత పాటలు



పూర్వము మన కోయంబత్తూరు ఇండ్లలో రేడియో యనగా గోడబల్లపై గంభీరముగా కూర్చుండిన చెక్కపెట్టె. మన ఊరి జి. డి. నాయుడుగారు అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి యీయగలనని 1941లో ప్రకటించిరి. ఆ దినములలో పెట్టె కొనుట ఒక కష్టము, దూరమందలి తెలుగు స్టేషను దొరకుట మరియొక కష్టము. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైనది. మీడియం వేవ్ తరంగములు పగటివేళ నేలనంటి కొంత దూరము మాత్రమే పోవును. రాత్రివేళ ఆకాశమందలి అయనావరణముపై బడి, మరలి, దూరప్రాంతములకు చేరును. కనుక తెలుగుమాట కొరకు రాత్రులందు ముల్లు త్రిప్పుచు, గరగర ధ్వనుల నడుమ వెదకవలసి యుండెడిది.

నేడు గాంధీపురములో కూర్చున్న బాలునకు ఆ వెదకులాట లేదు. ప్రసార భారతివారి ‘న్యూస్ ఆన్ ఎయిర్’ ద్వారా విజయవాడ, హైదరాబాదు కేంద్రములను ఫోనులోనే వినవచ్చును. ఇందు ధ్వని అంకెలుగా మారి, చిన్న చిన్న పొట్లములుగా కట్టబడి వచ్చును. పొట్లములు దారిలో ముందువెనుకలైనను పాట తెగకుండుటకై ఫోను కొన్ని క్షణముల సరకును ముందుగా నిలువచేసికొనును. అందుచేతనే గంట తెలుపు ధ్వని కొంచెము ఆలస్యముగా వినబడును. దానినిబట్టి గడియారమును దిద్దుకొనకుడు. ఖర్చునుగూర్చి శంకించు తల్లిదండ్రులకు ఒక లెక్క చెప్పెదము. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున వచ్చు ప్రసారమును గంటసేపు వినిన సుమారు 58 మెగాబైట్లు వ్యయమగును.

ఈ సౌకర్యము వలన పాత సంగీతమునకు లోకమంతటను క్రొత్త శ్రోతలు లభించిరి. నెదర్లాండ్స్ దేశమున హేగ్ నగరము నుండి వెలసిన ఇంటర్‌గలాక్టిక్ ఎఫ్‌ఎం వంటి స్టేషనులు పాత విద్యుద్వాద్య సంగీతమును, డిస్కోను, చలనచిత్రముల నేపథ్య సంగీతమును ప్రసారము చేయుటకే ఏర్పడినవి. “అదంతయు పరదేశపు గోల, మనకేల?” యని కొందరు పెద్దలు అనవచ్చును. గోల కొంత కలదు, కాదనము. కాని ఆ సంగీతమున మన దేశపు భాగము చిన్నది కాదు.

1954లో వచ్చిన ‘నాగిన్’ అను హిందీ చిత్రమున పాములవాని నాగస్వరమువలె వినబడునది నాగస్వరము కాదు. హేమంతకుమార్ సంగీత దర్శకత్వమున కల్యాణ్‌జీ అను యువకుడు క్లావియోలిన్ అను విద్యుద్వాద్యముపై పలికించిన ధ్వని యది. ఇక 1982లో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ పది హిందూస్థానీ రాగములను సింథసైజరుపై డిస్కో తాళమునకు కూర్చి ఒక గ్రామఫోను రికార్డు వెలువరించెను. నాడు దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 2010లో అది పునర్ముద్రితము కాగా, 1987లో షికాగో నగరమున వెలువడిన ఒక నృత్యసంగీతపు పోకడ అయిదేండ్లు ముందే యిందు వినబడుచున్నదని పాశ్చాత్యులు ఆశ్చర్యపడిరి. కారణము సులభము: ఇరువురును వాడినది టీబీ-303 అను ఒకే జపాను యంత్రము.

సంగీతము నేర్చుచున్న బాలికలు ఆ రికార్డును తప్పక వినవలెను. అందలి భూపాలీ మన మోహనకు, మాల్‌కౌంస్ మన హిందోళమునకు, యమన్ మన కల్యాణికి సమీపమైనవి. డిస్కోలో నిమిషమునకు సుమారు 120 దెబ్బలు, ప్రతి దెబ్బకును పెద్ద డోలు మ్రోగును. నాలుగేసి దెబ్బల కొలతలు రెండు చేరిన మన ఆదితాళపు ఎనిమిది అక్షరములగును. చేతితో తాళము వేయుచు వినిన రాగమెచ్చట నిలిచినదో, యంత్రమెచ్చట దానిని తరుముచున్నదో తెలియును. తెలుగు చిత్రములలోను ఈ గాలి వీచినది. తెలుగున మొదటి 70 మిల్లీమీటర్ల చిత్రమైన కృష్ణగారి ‘సింహాసనము’ (1986) రాజుల కథయే యైనను, దానికి సంగీతము కూర్చినది డిస్కోకు పేరుపొందిన బప్పీ లహరి.

అయినను మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇంటికి చేరువైన చిత్రమునుగూర్చి. మన కోయంబత్తూరులోనే ఎస్. ఎం. శ్రీరాములు నాయుడుగారి పక్షిరాజా స్టూడియో ఉండెడిది. 1954లో ఆయన ఎం. జి. రామచంద్రన్ నటించిన ‘మలైక్కళ్ళన్’ను తమిళమునను, ఆ కథనే ఎన్. టి. రామారావు, భానుమతి నటించిన ‘అగ్గిరాముడు’గా తెలుగునను నిర్మించిరి. రెండింటికిని సంగీతము ఎస్. ఎం. సుబ్బయ్య నాయుడుగారిది. ఒకే ఊరు, ఒకే సంగీతకర్త, రెండు భాషలు! ఆ తెలుగు చిత్రమున షేక్ నాజరుగారి బుర్రకథ కలదు. అల్లూరి సీతారామరాజు కథ. గుంటూరు సీమనుండి వచ్చిన ఆ కంఠము కావేరికి ఈవలనున్న ఊరి చిత్రమున నిలిచిపోయినది.

మేము ఆంధ్రదేశమున శిక్షణ పొందిన దినములలో బుర్రకథను కన్నులార చూచితిమి. నడుమ తంబుర పట్టిన కథకుడు, ఇరువైపుల డక్కీలతో వంతలిద్దరు. ఒకడు హాస్యము పలుకును, ఒకడు లోకవ్యవహారము పలుకును. మీకు అట్టి ప్రదర్శన చూచు అవకాశము అరుదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము తరగతికొక యేడు చొప్పున పెరిగి 2015-16 నాటికి పదవ తరగతి చేరినది. తమిళము నేర్వవలసినదే, అది మనము బ్రదుకు నేలభాష. కాని తెలుగునకు మిగులు గంటలు కొద్ది. వీధిలో తెలుగు అక్షరము కనబడదు. చెవి మాత్రము ఖాళీగా నున్నది, దానికి జీతము నీయనక్కరలేదు.

అయితే స్టేషనులన్నియు సమానము కావు. కొన్నింట యంత్రము పాట వెంట పాట వేయుచుండును; వ్రాసినదెవరో, పాడినదెవరో, ఏ యేటిదో చెప్పు నాథుడుండడు. విద్యార్థికి అట్టి వినికిడి సగము చదువు. మాటలాడు అనౌన్సరు గల స్టేషనునే మేము కోరుదుము. పాటకు ముందు చెప్పు నాలుగు వాక్యములలోనే మంచి తెలుగు వచనము వినబడును.

ఈ నెల ఎనిమిది, తొమ్మిది తరగతులవారు ఒక పని చేయుడు. వారమునకొక పాత పాట వినుడు. మొదటిసారి ఊరక వినుడు. రెండవసారి వినబడిన మాటలను నోటుపుస్తకమున వ్రాయుడు; తెలియని మాటకు బదులు గీత గీయుడు. ఆ గీతలతోనే పుస్తకమును ఇంట అవ్వకో తాతకో చదివి వినిపింపుడు. వారికి అక్షరములు రాకున్నను మాట వచ్చియుండును. వారు చెప్పిన మాటను ఎఱ్ఱ సిరాతో గీతపై వ్రాసి, ప్రక్కన చెప్పినవారి వరుస వ్రాయుడు. సోమవారము పుస్తకములు మా బల్లపై నుంచుడు.