మీసాల పెట్టెలో చివరి చుక్క

తెనాలి

చిరంజీవి బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం మంగళవారం చేరింది. అక్షరాలు పోయినసారి కంటే గుండ్రంగా కుదిరాయి, ‘ళ’ ఒక్కటే ఇంకా వంకర పోతోంది. రెండు క్లాసుల మార్కులకీ మీ టీచరు బాక్స్ ప్లాట్లు గీసిచ్చి, ఏ క్లాసు ఎలా రాసిందో పోల్చమన్నారని రాశావు. ఆ బొమ్మని నువ్వూ మళ్లీ గీసి పంపావు. సంతోషం తల్లీ. కానీ ఆదివారం మీ అమ్మ ఫోన్‌లో ఇంకో మాట చెప్పింది. అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసు మానేసి మామూలు క్లాసుకి మారిపోతానంటున్నావట. ఆ మాట నువ్వు నాకు రాయలేదు. రాయలేదని కోపం లేదు, నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే తెల్లవారకముందే ఈ కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ముందు బొమ్మ సంగతి. ఎడమ మీసం చివర, పెట్టె మొదలు, పెట్టెలో మధ్య గీత (అదే మధ్యగతం), పెట్టె చివర, కుడి మీసం చివర, ఈ వరుసలో మీ ఒకటో పీరియడ్ క్లాసుకి అయిదు అంకెలు: 40, 62, 70, 74, 98. అయిదో పీరియడ్ వాళ్లకి: 55, 60, 72, 90, 96. దాని కింద నువ్వు ఇలా రాశావు: అయిదో పీరియడ్‌లో 72కీ 90కీ మధ్య ఎక్కువమంది ఉన్నారు, ఎందుకంటే అక్కడ పెట్టె పొడుగ్గా ఉంది.

బుజ్జీ, ఈ ఒక్క మాటా నా కోసం సరిచేసుకో. పొడుగైతే మంది ఎక్కువ కాదు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఎన్ని తప్పులు చూసినా ఇంత బాధపడను. క్లాసుకి 28 మంది అని నువ్వే రాశావు. మార్కుల వరుసలో నిలబెట్టి నాలుగు భాగాలు చేస్తే భాగానికి ఏడుగురు. ఎడమ మీసంలో ఏడుగురు, పెట్టెలో మొదటి గదిలో ఏడుగురు, రెండో గదిలో ఏడుగురు, కుడి మీసంలో ఏడుగురు. గది పెద్దదైనా చిన్నదైనా ఏడుగురే. 72 నుంచి 90 దాకా పద్దెనిమిది మార్కుల జాగాలో ఏడుగురు విడివిడిగా కూర్చున్నారు. మీ క్లాసులో 70కీ 74కీ మధ్య నాలుగు మార్కుల జాగాలో అదే ఏడుగురు ఇరుక్కుని కూర్చున్నారు. పొడుగు చూస్తే జనం పలచగా ఉన్నారని అర్థం.

మా చిన్నప్పుడు ఎండాకాలం డాబా మీద ఏడుగురం పిల్లలం పడుకునేవాళ్లం. సాయంత్రం నీళ్లు చల్లితే సున్నం వాసన వచ్చేది. ఎవరి చాప వాళ్లది, మధ్యలో మనిషి నడిచిపోయేంత జాగా ఉండేది. అర్ధరాత్రి వాన పడితే చాపలు చుట్టుకుని చావిట్లోకి పరిగెత్తేవాళ్లం. అక్కడ ఒకరి కాళ్లు ఒకరి మీద, మా పెద్దక్క మోచెయ్యి నా పక్కటెముకల్లో. డాబా మీదా ఏడుగురమే, చావిట్లోనూ ఏడుగురమే. ఆ పెద్దక్క పోయి ఈ శ్రావణానికి మూడేళ్లు. నీ చేతివేళ్లు అచ్చం దానివే.

శనగలు ఇరవై తీసుకో. నేల మీద సుద్దతో గీత గీసి నాలుగు ముక్కలు చెయ్యి, ఒకటి జానెడు, ఒకటి బెత్తెడు, నీ ఇష్టం. ముక్కకి అయిదేసి గింజలు పరుచు. ఎక్కడ దగ్గర దగ్గరగా పడ్డాయో వంగి చూడు. ఒక్కసారి చూస్తే చాలు, జన్మలో మర్చిపోవు.

ఇంకొకటి. మీ క్లాసులో చివరి నుంచి చివరి దాకా 58 మార్కుల తేడా ఉంది, వాళ్లలో 41 మాత్రమే. అది చూసి మీ క్లాసే చెల్లాచెదురుగా ఉందని రాసేశావు. పెట్టెలు చూడమ్మా. మీ పెట్టె 12, వాళ్లది 30. మీ నడిమి సగం మంది ఒక్కచోటే ఉన్నారు, రెండు చివర్లా ఉన్నవాళ్లు దూరంగా ఉండి మీసాలు సాగదీశారు. మధ్యగతాల తేడా చూస్తే రెండే రెండు మార్కులు. పెట్టెలు ఇంతగా ఒకదాని మీద ఒకటి పడుతుంటే ఆ రెండు మార్కులకి ఒక క్లాసు గెలిచిందనడం తగదు.

ఈ పెట్టె బొమ్మకి పూర్వరూపం లాంటిది మేరీ ఎలినార్ స్పియర్ అనే ఆవిడ 1952లో తన పుస్తకంలో వేసింది. ఇప్పుడు అందరూ గీసే తీరుకి జాన్ టూకీ 1977లో రాసిన పుస్తకంతో పేరొచ్చింది. అయితే ఆయన పద్ధతిలో, మీ బొమ్మలోలా మీసం ఎప్పుడూ చివరి అంకె దాకా లాగరు. పెట్టె రెండు అంచుల నుంచి పెట్టె పొడుగుకి ఒకటిన్నర రెట్లు కొలుస్తారు. మీ క్లాసుకి అది 18. 62లోంచి 18 తీస్తే 44. దానికి ఇవతల పడ్డ 40 మీసంలో ఉండదు, విడిగా చుక్క పెడతారు. అలాగే 74కి 18 కలిపితే 92, కాబట్టి 98 కూడా విడి చుక్కే. చుక్క పెట్టమంటే తీసి పారెయ్యమని కాదు. అక్కడ ఆగి, ఇదెవరు, ఏమైంది అని అడగమని.

నేను అడగలేదు, బుజ్జీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మిరపకోతల రోజుల్లో, మా హెడ్మాస్టరు రెండు సెక్షన్ల సగటులు నోటీసు బోర్డు మీద అంటించారు. నా సెక్షను ఆరు మార్కులు వెనక. అందరి ముందూ మాట పడ్డాను. ఆ ఉక్రోషంతో క్లాసుకెళ్లి, అందరికన్నా తక్కువ వచ్చిన పిల్లని బల్లెక్కి నిలబడమన్నాను. అది నిలబడి వేళ్లు ఊదుకుంటోంది. దగ్గరికెళ్లి చూస్తే అరచేతులు కందగడ్డల్లా ఉన్నాయి. మూడు వారాలుగా తల్లితో కోతలకి పోయి, మిరప ఘాటుకి మండే చేతులతోనే పరీక్ష రాసింది. మధ్యగతం తీసుంటే రెండు సెక్షన్లూ ఇంచుమించు ఒకటే. నా సెక్షన్లో అలా కోతలకి వెళ్లిన అయిదారుగురు పిల్లలే సగటుని కిందికి లాగారు. అప్పుడు దించి వెన్న రాశాను గానీ, నిలబెట్టిన మాట నిజమే కదా. ఇప్పటికీ ఎర్రటి మిరప కల్లం కనబడితే ఆ చేతులే గుర్తొస్తాయి.

ఆ 40 నీదేనని మీ అమ్మ చెప్పింది. బొమ్మ మీద పేర్లు లేకపోయినా ఆ అంకె నీదేనని నీకు తెలిసిపోయిందనీ, బోర్డు వైపు చూడలేకపోయావనీ చెప్పింది. పరీక్షకి ముందు తొమ్మిది రోజులు జ్వరంతో మంచం దిగలేదన్న సంగతి ఆ బొమ్మలో ఎక్కడుంది? నువ్వు లేనప్పుడే ఆ పరీక్ష పాఠం చెప్పారట కదా. ఆ సంగతి మీ టీచరుకి చెప్పావా? క్లాసు మారాలో వద్దో ఆ 40 తేల్చలేదు. దానికి ముందు పరీక్షల్లో నీకెన్ని వచ్చాయో పక్కన పెట్టుకుని చూడాలి. అవన్నీ వరుసగా రాసి నాకు పంపు. నీ ఒక్కదానికే ఒక పెట్టె గీద్దాం. అంతవరకు మారే కాగితం మీద మీ అమ్మ చేత సంతకం పెట్టించకు.

ఆ పరీక్ష పేపరు కూడా మొదటి పేజీ నుంచి చివరి దాకా ఫోటో తీసి పంపించు. తప్పు పోయిన లెక్కలే ముందు చూస్తాను. శనివారం మీకు పొద్దున్నయ్యేసరికి నాకు రాత్రి భోజనమై ఉంటుంది, అప్పుడు ఫోన్ చెయ్యి. శనగలు దగ్గర పెట్టుకో.

నీ అమ్మమ్మ