మన తీరం గురించిన పుస్తకాన్ని ఎగ్మూరులో పట్టుకోవడం ఎలా?

మీది నెల్లూరు తీరంలోని మైపాడో, కృష్ణపట్నమో, దుగరాజపట్నమో. ఊరి పాత సంగతులు అచ్చులో చూడాలనుంది. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోదే కనుక వెతకాల్సింది చెన్నైలో, ఎగ్మూరు మ్యూజియం ఆవరణలోని కన్నెమరా గ్రంథాలయంలో. దీన్ని 1896లో తెరిచారు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు కొత్త పుస్తకం ప్రతిని 30 రోజుల్లోగా సొంత ఖర్చుతో పంపాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి. అందరూ పంపుతారా అంటే, అది వేరే కథ.

ముందు ఇంట్లోనే కాస్త పని ఉంది. కౌంటరు దగ్గర నిలబడి “నెల్లూరు మీద ఏమున్నాయండీ?” అంటే పని జరగదు. రచయిత, పుస్తకం పేరు, ఏడాది రాసుకెళ్లండి. బాస్వెల్ కూర్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్ (1873), బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి తెచ్చిన నెల్లూరు శాసనాల మూడు సంపుటాలు (1905) మొదట చూడాల్సినవి. ఇలాంటి పాతవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంటాయి. అక్కడే దొరికితే రైలు ఛార్జీ మిగిలినట్టే.

దొరకలేదా? కన్నెమరా కేటలాగు తెరవండి. తడబడేది ఇక్కడే. దుగరాజపట్నం పాత ఇంగ్లీషు రాతల్లో ‘ఆర్మగాన్’. 1626లో ఈస్టిండియా కంపెనీ స్థావరం పెట్టిన చోటు అదే. కాబట్టి ఊరి పేరును మూడు నాలుగు స్పెల్లింగుల్లో కొట్టి చూడండి. వివరాలు కనబడగానే కాల్ నంబరును చుక్కతో సహా ఎక్కించుకోండి. లక్షల పుస్తకాల్లో మీ పుస్తకం ఏ అరలో ఉందో చెప్పేది అదొక్కటే.

పొద్దున రైలెక్కి సెంట్రల్లో దిగితే మెట్రోలో తర్వాతి స్టేషనే ఎగ్మూరు. గుర్తింపు కార్డు, పెన్సిలు దగ్గరుంచుకోండి. పాత పుస్తకాలున్న గదుల్లోకి పాఠకుల్ని పోనివ్వరు. చిరాకు పడకండి: ఒక్క పుస్తకం తప్పు అరలోకి వెళ్లిందంటే ఏళ్ల తరబడి దొరకదు. చీటీ రాసిస్తే సిబ్బందే తెచ్చిస్తారు. ఆలస్యమవుతుంది కనుక రెండు మూడు చీటీలు ఒకేసారి ఇవ్వగలరేమో అడగండి. కాగితం పెళుసుగా ఉంటే రెండు చేతులతో తిప్పండి, ఫోనుతో ఫొటో తీసేముందు అనుమతి తీసుకోండి.

అక్కడా లేకపోతే కోల్‌కతా నేషనల్ లైబ్రరీ కేటలాగు ఆన్‌లైన్లో చూడండి. దానికి తెలుగు విభాగం ఉంది. పాత పత్రికలే కావాలంటే అంత దూరం ఎందుకు, ఒంగోలు దాటాక వేటపాలెంలో దిగి, 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో అడగండి.