ఒంట్లో ఉండే సంతకం కార్డు



"తట్టు ఒకసారి పోస్తే మళ్ళీ పోయదు" అని మన హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో పెద్దలు అంటుంటారు. మాట నిజమే. ఎందుకో సైన్సు చదివే పిల్లలకు తెలిసే ఉంటుంది. నాలాగా కామర్సు చదివినవారి కోసం బ్యాంకు భాషలో చెబుతాను.

కొత్త ఖాతాదారు వస్తే సంతకం నమూనా కార్డు మీద తీసుకుని భద్రపరుస్తాం. కొత్త క్రిమి ఒంట్లో చేరినప్పుడు దానికి సరిపోయే బి కణాలు, టి కణాలు లక్షల్లో పెరగడానికి వారం పది రోజులు పడుతుంది. అంతవరకు జ్వరం తప్పదు. రోగం తగ్గాక వాటిలో చాలావరకు చచ్చిపోతాయి. కొన్ని జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. మరికొన్ని ఎముక మూలుగలో చేరి ఏళ్ళ తరబడి యాంటీబాడీలు తయారుచేస్తూనే ఉంటాయి. అదే క్రిమి మళ్ళీ వస్తే, కార్డు తీసి పోల్చడానికి ఎంతసేపు?

ఫారో దీవుల్లో 1781లో తట్టు వచ్చింది. తర్వాత 65 ఏళ్ళు దాని ఊసే లేదు. 1846లో తిరిగి వచ్చినప్పుడు సుమారు 7,800 జనాభాలో 6,000 మంది దాకా మంచం పట్టారు. 1781లో తట్టు పోసిన ముసలివారిలో మాత్రం ఒక్కరికీ రాలేదని పానుం అనే వైద్యుడు రాశాడు. అయితే తట్టుకొక దుర్గుణం ఉంది, ఇతర రోగాల కార్డులు చింపేస్తుంది. టీకా పడని పిల్లల్లో తట్టు తర్వాత పాత యాంటీబాడీలు 11 నుంచి 73 శాతం దాకా పోయినట్టు 2019లో ఒక పరిశోధనలో తేలింది.

ధనుర్వాతం లెక్క వేరు. గులాబీ తోటల్లో పనిచేసే ఇళ్ళవారు ఇది గమనించాలి. ఆ క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది, ముల్లు గుచ్చుకున్న చోటినుంచి లోపలికి పోతుంది. దాని విషం ఎంత ఘోరమైనదంటే, మనిషిని చంపడానికి సరిపోయే మోతాదు కూడా శరీరం గుర్తుపెట్టుకోవడానికి చాలదు. అందుకే వచ్చి బతికినవారికి కూడా టీకా వేస్తారు. టీకా ఇచ్చిన జ్ఞాపకం కూడా కొన్నేళ్ళకు పలచబడుతుంది. గడువు తీరిన డిపాజిట్‌ను రెన్యువల్ చేసినట్టు, ప్రభుత్వ పట్టికలో 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు టి.డి. సూది పెట్టారు. అది కంఠసర్పికి కూడా పనిచేస్తుంది.

మన ఉపకార వేతనం తీసుకునేవారిలో చాలామంది ఆ వయసువారే. సూది పడిందో లేదో ఇంట్లో అమ్మను అడగండి. పడకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు.