కొమ్ము రాపిడి చెప్పే దారి

— ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

గిద్దలూరు నుండి పడమరకు చూస్తే నల్లమల కనబడుతుంది. ఆ కొండల అంచునే మా కంది చేను. పోయినేడు పూత రాలి పిందె పట్టే వేళకు రాత్రిళ్ళు మేత మొదలైంది. తెల్లారి పోయి చూస్తే కొసలు తెగిన మొక్కలు, గిట్టల గుర్తులు! "గట్టు మీద కరెంటు తీగ లాగు, ఒక్క రాత్రితో పీడ పోతుంది" అన్నాడు పక్క చేనాయన. మంచె మీద నిద్ర కాచి విసిగిన మా నాయన సగం ఒప్పుకున్నాడు. సెలవులకు ఇంటికొచ్చిన నాకు గుండె ఝల్లుమంది. తగిలేది దుప్పో, చీకటితో నీళ్ళు కట్టను పోయే మనిషో తీగకేం తెలుసు?

మరి మంచె ఉన్నా మేత ఎందుకాగలేదు? మంచె ఒక మూల, అవి దిగేది ఇంకో మూల. ఆ మూలేదో చెట్లే చెప్పాయి.

రాపిడి అంటే ఏమిటి?

కృష్ణజింక కొమ్ము లోపల ఎముక, పైన డొప్ప, అది రాలదు. దుప్పి, కణితి మగవాటి కొమ్ము అంతా ఎముకే. రాలి, మళ్ళీ మొలుస్తుంది. పెరిగేటప్పుడు దాన్ని రక్తనాళాలున్న నూగు చర్మం కప్పి ఉంటుంది. టెస్టోస్టిరాన్ హార్మోను పెరిగేకొద్దీ ఎముక గట్టిపడి, రక్తం ఆగి, ఆ చర్మం ఎండిపోతుంది. మగది కొమ్మును చెట్టుకు రుద్ది దాన్ని వదిలించుకుంటుంది. అంతటితో ఆగక జతకట్టే కాలమంతా రుద్దుతూనే ఉంటుంది. ముఖం మీది గ్రంథుల వాసన బెరడుకంటి, "ఇది నా తావు" అని తోటి మగవాటికి చెబుతుంది.

ఎవరి గుర్తు?

దుప్పి భుజం ఎత్తు సుమారు మూడడుగులు. అది సన్నని మొక్కలను ఎంచుకుంటుంది. కణితి పెద్దది, కాబట్టి లావు మాను మీద, ఎత్తున రుద్దుతుంది. అయితే రెండూ వెనక కాళ్ళ మీద లేచి కొమ్మలందుకుంటాయి; ఎత్తు ఒక్కటే చూసి తీర్పు చెప్పరాదు. బెరడు లేవకుండా కింద బురద మాత్రం పూసి ఉంటే అది అడవిపంది. మొదట్లో పళ్ళ గాట్లుంటే ముళ్ళపంది. నిలువుగా లోతైన గోటి గీతలుంటే ఎలుగో, పులో. అక్కడ ఆగకుండా వెనక్కి రావడమే చదువుకున్న వాడి లక్షణం!

దారి చదవడం

చెక్క తెల్లగా, తడిగా ఉండి, కింద పచ్చి బెరడు పీచు రాలి ఉంటే గుర్తు కొత్తది. అంచులు నల్లబడి ఎండితే పాతది. ఒక్క చెట్టును చూసి దారి చెప్పలేం. నాలుగైదు చెట్లు వరుసలో దొరకాలి. సామాన్యంగా జంతువు తాను వచ్చే వైపు ముఖాన్నే రుద్దుతుంది. మా గట్టు మీది రాపిడులన్నీ పడమటి ముఖానే ఉన్నాయి. అంటే కొండ నుండి దిగుతూ రుద్దినవి. అయితే రాపిడి మగవాటిది మాత్రమే. ఆడవి, పిల్లలు ఎటు పోయాయో గిట్టలు, పెంటికలు చూసి సరిచూసుకోవాలి. అలా చూస్తే మూడు గుర్తులూ వాయువ్య మూలనున్న వాగు సందు దగ్గరే కలిశాయి.

మంచె ఎక్కడ?

వేటగాడు కూడా ఈ గుర్తులే చదువుతాడు. కానీ వాసన తగలని చోట దాక్కుంటాడు. మనకు కావలసింది దానికి తలకిందులు: "మనిషున్నాడు" అని జంతువుకు ముందే తెలియాలి. ఇక్కడొక చిక్కుంది. గాలి లేని రాత్రి కొండవాలు త్వరగా చల్లబడి, ఆ చల్లగాలి పల్లానికి జారుతుంది. అందువల్ల మన వాసన అడవికెక్కదు. కాబట్టి దారి మొగదలే మంచె వేసి, వెలుగూ చప్పుడూ చేయాలి.

మంచె మూల మార్చాం. లాంతరు కట్టాం, రేకు డబ్బా కొట్టాం. నష్టం పూర్తిగా పోలేదు. వేరే సందున రెండు రాత్రులు దిగాయి. అయినా మూట కట్టుకునేంత కంది ఇంటికొచ్చింది. నాయన తీగ మాట మళ్ళీ ఎత్తలేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని చంపడం నేరం. 1983 నుండి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మన పొరుగున ఉంది. ఆ పులికి ఆహారం ఈ దుప్పి, కణితులే. గుర్తుల కోసం అడవిలోకి పోనక్కరలేదు, గట్టు చాలు. మార్కాపురం, గిద్దలూరు పల్లెల నుండి వచ్చిన మిత్రులారా, ఈసారి సెలవులకు పోయినప్పుడు మీ చేని గట్టు మీది చెట్లను ఒకసారి చుట్టి చూడండి. తీగ లాగే ముందు, చెట్టు చెప్పేది వినండి.