చేతిలో ఇమిడే కంప్యూటరు: ఎంపిక, వినియోగం, సంరక్షణ

2015 డిసెంబరులో వరద చెన్నై నగరాన్ని ముంచెత్తినప్పుడు అడయారు, కూవం తీరాలలోని కుటుంబాలు ఎన్నో సామానుతో పాటు కాగితాలను కూడ పోగొట్టుకొన్నవి. రేషను కార్డులు, ఇంటి దస్తావేజులు, పిల్లల మార్కుల పట్టికలు, బ్యాంకు పుస్తకాలు నీటిలో నానిపోయినవి. వాటికి నకళ్లు ఇప్పించుటకు ప్రభుత్వం ప్రత్యేక శిబిరాలు నడపవలసి వచ్చినది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వేళ అనేక పేటలు తిరిగి జలమయమైనవి. అరచేతిలో ఇమిడే ఒక చిన్న కంప్యూటరు ఈ కాగితాలన్నిటి ప్రతులను భద్రపరచగలదు. అదే పరికరం నీట మునిగినా, దొంగల పాలైనా అన్నిటినీ ఒక్కసారిగా పోగొట్టగలదు. పరికరాన్ని ఎంచుకొనుట ఒక విద్య. దానిని నమ్మదగినదిగా ఉంచుకొనుట మరియొక విద్య. ఈ పాఠం ఆ రెండింటికీ సంబంధించినది.

పూర్వరంగం

1981లో వెలువడిన ఆస్‌బోర్న్ 1 అనే యంత్రం వెంట తీసుకొనిపోదగిన కంప్యూటరుగా పేరు పొందినది. దాని బరువు సుమారు 11 కిలోలు. 1984లో బ్రిటనులోని సియాన్ సంస్థ చిరునామాలను, పద్దులను దాచుకొనే చేతి ఆర్గనైజరును తయారు చేసినది. 1996లో అమెరికాలో వెలువడిన పైలట్, దాని వెంట వచ్చిన పామ్ శ్రేణి ఈ రకానికి ప్రసిద్ధి తెచ్చినవి. తొలి పైలట్ జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు మాత్రమే. నేటి ఫోను తీసే ఒక్క ఛాయాచిత్రం కూడ అందులో పట్టదు. అయినను అది చేయవలసిన పనులను చక్కగా చేసినది: తేదీల పట్టిక, చిరునామాలు, చేయవలసిన పనుల జాబితా, చిన్న చిన్న గమనికలు. బల్లపై ఉన్న పీఠంలో దానిని నిలిపి ఒక మీట నొక్కినచో లోపల ఉన్న వివరాల ప్రతి పెద్ద కంప్యూటరుకు చేరేది. చేతిలోని వస్తువు పోయినా వివరాలు పోకుండుటకు ఆనాడే ఏర్పాటు ఉన్నదన్న మాట.

భారతదేశంలో ఈ దిశగా జరిగిన ప్రయత్నాలలో సింప్యూటర్ ముఖ్యమైనది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లు కలిసి దానిని రూపొందించినారు. చదువురానివారు కూడ బొమ్మల ద్వారా, ధ్వని ద్వారా వాడుకొనవలెనని వారి ఆశయం. ఒకే పరికరాన్ని పలువురు పంచుకొన్నా ఎవరి వివరాలు వారి స్మార్ట్ కార్డులో ఉండే వీలు కల్పించినారు. విపణిలో అది విస్తృతంగా వ్యాపించలేదు గాని, ఆ ఆలోచన విలువైనది. 2011లో తక్కువ ధరకు వచ్చిన ఆకాశ్ ట్యాబ్లెట్ తెర 7 అంగుళాలు, ర్యామ్ 256 మెగాబైట్లు. పని మందకొడిగా సాగుచున్నదని, బ్యాటరీ త్వరగా తరిగిపోవుచున్నదని దానిపై విమర్శలు వచ్చినవి. చౌక ధర ఒక్కటే పరికరానికి యోగ్యత కాదని ఆ అనుభవం బోధించినది. అదే 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇచ్చుట ప్రారంభించినది. అనేక ఇళ్లకు అదే తొలి కంప్యూటరు.

పనిని బట్టి పరికరం

కొనుగోలుకు ముందు వేసుకొనవలసిన ప్రశ్న ‘ఏది గొప్పది?’ అన్నది కాదు, ‘దీనితో ఏ పని జరగవలెను?’ అన్నది. పెరంబూరులోని ఒక దర్జీకి కొలతలు, బాకీలు, బట్ట ఇవ్వవలసిన తేదీలు వ్రాసుకొనుటకు సాధారణ స్మార్ట్‌ఫోను చాలును. జార్జిటౌన్‌లో టోకు వ్యాపారి వద్ద లెక్కలు చూచే గుమాస్తాకు వరుసలు, నిలువులు గల పట్టికలు ఒకేసారి కనిపించవలెను. మీటల పలక గల చిన్న ల్యాప్‌టాప్ అతనికి తగినది. పాఠాలు చదువుటకు, వీడియోలు చూచుటకు విద్యార్థికి ట్యాబ్లెట్ సరిపోవును గాని, ప్రాజెక్టు నివేదిక వ్రాయవలసిన నాడు మీటల పలక లేని లోటు తెలిసివచ్చును. కంటిచూపు తగ్గిన వృద్ధులకు వేగం కంటె పెద్ద తెర, పెద్ద అక్షరాలు, చదివి వినిపించే సదుపాయం ప్రధానం.

ల్యాప్‌టాప్ కొనువారు మూడు విషయాలు చూడవలెను. మొదటిది ర్యామ్. ఇది పని జరిగే బల్ల వంటిది. బల్ల ఇరుకైనచో ఒకటి తీసి మరియొకటి పరచవలసి వచ్చి పని మందగించును. 4 గిగాబైట్లు ఈనాడు ఇరుకు, 8 గిగాబైట్లు సామాన్య అవసరాలకు తగినవి. రెండవది నిల్వ. ఇది బీరువా వంటిది. తిరిగే పళ్లెం గల పాత హార్డ్ డిస్కు కంటె ఎస్‌ఎస్‌డి వేగవంతమైనది, కుదుపులకు తట్టుకొనునది. మూడవది, ర్యామ్‌ను తరువాత పెంచుకొనే వీలున్నదా, బ్యాటరీని మార్చుకొనగలమా అన్నది. ఫోనులకు, ట్యాబ్లెట్లకు వీటికి తోడు భద్రతా నవీకరణలు ఎన్ని సంవత్సరాలు అందునో కూడ విచారించవలెను. నవీకరణ ఆగిన పరికరంలో బ్యాంకు లావాదేవీలు జరుపుట తలుపుకు గడియ పెట్టకుండ నిద్రించుట వంటిది.

తెలుగు లిపి పరీక్ష

చెన్నైలో తెలుగు కుటుంబాలకు మరియొక అవసరం ఉన్నది. ఇంట తెలుగు మాట్లాడుచు, బడిలో తమిళం, ఆంగ్లం మాత్రమే చదివే పిల్లలు అనేకులు. అవ్వ పలికే మాట వారికి అర్థమగును గాని, ఆమె వ్రాసిన ఉత్తరం చదువుట రాదు. మూడు భాషల మీటల పలకలు ఉన్న పరికరం ఈ దూరాన్ని కొంత తగ్గించగలదు.

కంప్యూటరులో తెలుగు నిలిచి ఉండుటకు ఆధారం యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి సంపుటిలోనే తెలుగుకు చోటు లభించినది. తెలుగు, తమిళ లిపులకు వేరువేరుగా 128 స్థానాలు కేటాయించబడినవి. ‘తెలుగు’ అన్న పదంలో కంటికి కనిపించేవి మూడు అక్షరాలు, యంత్రానికి ఆరు సంకేతాలు. ‘స్త్రీ’ కంటికి ఒక్కటే అక్షరం, యంత్రానికి అది కూడ ఆరు సంకేతాలే. అందువలన చెరిపివేత మీటను ఒకసారి నొక్కినప్పుడు అక్షరమంతయు పోక, చివరి గుణింతపు గుర్తు మాత్రమే పోవచ్చును; ఇది లోపం కాదు. సంక్షిప్త సందేశం ఆంగ్లంలో 160 అక్షరాల వరకు ఒకటిగా పోవును. తెలుగులో సాధారణంగా 70 సంకేతాలకే ఒక సందేశం లెక్కించబడును.

దుకాణంలోనే ‘స్త్రీ’, ‘జ్ఞానం’, ‘స్వాతంత్ర్యం’ అను మూడు పదాలు వ్రాసి చూడవలెను. వత్తులు విడిపోయినా, డబ్బాలు కనిపించినా ఆ పరికరంలో తెలుగు సరిగా అమరలేదని తెలియును. డీటీపీ కేంద్రాలలో పాత ఫాంట్లతో కూర్చిన పత్రాలు ఆ ఫాంటు లేని యంత్రంలో అర్థం లేని గుర్తులుగా మారిపోవును. పెండ్లి పత్రికైనా, వంశవృక్షమైనా యూనికోడ్‌లో వ్రాయించుకొన్నప్పుడే పది సంవత్సరాల తరువాత కూడ చదువుటకు వీలగును. ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికలో భారతీయ భాషలన్నిటికీ ఒకే ధ్వని ఒకే మీటపై ఉండును. తెలుగు ‘క’ ఉన్న చోటనే తమిళ ‘క’ కూడ ఉండును. తమిళనాడులో 1999 నుండి ప్రమాణంగా ఉన్న తమిళ్99 అమరిక దీనికి భిన్నమైనది. చెన్నైలోని సీడాక్ కేంద్రం రూపొందించిన బాస్ అనే ఉచిత నిర్వహణ వ్యవస్థలో తెలుగు, తమిళం రెండూ ఉన్నవి. పాత ల్యాప్‌టాప్‌కు అది పనికివచ్చునేమో పరిశీలించదగినది.

కొనుగోలు వేళ

అన్నాసాలై సమీపంలోని రిచ్చి వీధి, దానిని ఆనుకొన్న నరసింగపురం వీధి నగరంలో ఎలక్ట్రానిక్ వస్తువులకు ప్రసిద్ధమైనవి. కొత్తవి, పాతవి, విడిభాగాలు అన్నియు అచ్చట లభించును. ధర బేరమాడుటకు ముందు వస్తువును బేరీజు వేయుట మేలు.

పాత ఫోను కొనునపుడు *#06# నొక్కినచో 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య తెరపై కనిపించును. కె, వై, ఎం అను మూడు ఆంగ్లాక్షరాలు, ఖాళీ విడిచి ఆ సంఖ్య వ్రాసి 14422కు సందేశం పంపినచో ఆ ఫోను నిరోధించబడినదా, నకలు సంఖ్య గలదా అన్నది తెలియును. దొంగిలించిన వస్తువును తెలియక కొన్నా చిక్కులు తప్పవు. పాత ల్యాప్‌టాప్‌ను కరెంటు తీగ తీసివేసి కనీసం అరగంట నడిపి చూడవలెను. బ్యాటరీ అసలు స్థితి అప్పుడే బయటపడును. కొత్త ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు, ఛార్జర్లు, పవర్ బ్యాంకులపై భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు సంఖ్య ఉండవలెను.

పవర్ బ్యాంకుపై అచ్చువేసిన అంకె కూడ భ్రమ కలిగించును. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ అన్నది లోపలి ఘటం 3.7 వోల్టుల వద్ద చెప్పు లెక్క. అది 37 వాట్ అవర్‌లకు సమానం. వోల్టేజీ మార్పిడిలో కొంత శక్తి వేడిగా పోవును గనుక 5,000 సామర్థ్యం గల ఫోనును అది రెండుసార్లు పూర్తిగా నింపలేదు.

పేరు, తేదీ, వరుస సంఖ్య గల రసీదు తప్పక తీసుకొనవలెను. రసీదు లేనిదే వారంటీ నిలువదు, ఫిర్యాదు బలపడదు. అమ్మకందారుతో వివాదం తీరనప్పుడు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915ను సంప్రదించవచ్చును.

దినచర్య పుస్తకంగా

చేతిలో ఉన్న పరికరానికి పూర్తి ప్రయోజనం దానిని క్రమంగా వాడినప్పుడే సిద్ధించును. చెన్నైలో ఆస్తిపన్ను అర్ధసంవత్సరానికి ఒకసారి, విద్యుత్ బిల్లు రెండు నెలలకు ఒకసారి చెల్లించవలసి ఉన్నది. వీటిని తేదీల పట్టికలో ఒక్కసారి ‘పునరావృతం’ అని నమోదు చేసినచో గుర్తుంచుకొనే భారం తొలగును. శిశువు టీకా తేదీలు, పెద్దల మందుల వేళలు, వంటగ్యాసు బుక్ చేసిన రోజు ఇదే విధంగా చేర్చవచ్చును. పరిచయస్తుల పట్టికలో నగరపాలక సంస్థ ఫిర్యాదుల సంఖ్య 1913, సైబర్ మోసాల సంఖ్య 1930 వ్రాసి ఉంచుకొనవలెను. అయితే బ్యాంకు పిన్, పాస్‌వర్డులను గమనికలలో వ్రాయరాదు.

ముఖ్య పత్రాలను చదువదగినట్లు స్కాన్ చేసి, ‘రేషను కార్డు’, ‘ఇంటి పత్రం’ అని పేర్లు పెట్టి ఒకే సంచయంలో ఉంచవలెను. ఒక ప్రతి పరికరంలో, రెండవది పెన్‌డ్రైవులో లేదా హార్డ్ డిస్కులో, మూడవది ఇంటికి దూరంగా ఉండవలెను. ఆ దూరపు చోటు క్లౌడ్ నిల్వ కావచ్చును, వేరొక ఊరిలోని బంధువుల ఇల్లు కావచ్చును. ఒకే ఇంటిలోని మూడు ప్రతులు ఒకే వరదలో పోవును.

ఎండ, నీరు, విద్యుత్తు

పలు పరికరాలకు తయారీదారులు చెప్పు గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. చెన్నైలో మే నెలలో 40 డిగ్రీలు దాటుట అరుదు కాదు. ఎండలో నిలిపిన కారులో వేడి ఇంకను హెచ్చు. లిథియం బ్యాటరీ వేడికి త్వరగా వృద్ధమగును. పరుపుపైన, దిండు క్రింద ఉంచి ఛార్జి చేయరాదు. నిత్య వినియోగంలో 20 నుండి 80 శాతం మధ్య ఉంచుట బ్యాటరీ ఆయువుకు మంచిది. ఉబ్బిన బ్యాటరీని నొక్కుట, గుచ్చుట ప్రమాదకరం. వెంటనే వాడుక నిలిపి మరమ్మతుదారునికి చూపవలెను.

పరికరం నీటిలో పడినచో తొలి కర్తవ్యం దానిని ఆపివేయుట. పనిచేయునేమో అని మాటిమాటికి వెలిగించి చూచుటవలననే ఎక్కువ నష్టం జరుగును. సిమ్ తీసి, పొడి బట్టతో తుడిచి, గాలి ఆడే చోట ఉంచి, పూర్తిగా ఆరకుండ ఛార్జరు తగిలించరాదు. బియ్యంలో పూడ్చుట వలన మేలు లేదు. సన్నని నూక, పిండి రంధ్రాలలో చేరును. తుపాను హెచ్చరిక వెలువడిన నాడు పరికరాలను, పవర్ బ్యాంకును నిండుగా ఛార్జి చేసి, మూతపడే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఎత్తైన చోట ఉంచవలెను.

పోయినప్పుడు, పాతబడినప్పుడు

ఫోను పోయినచో సిమ్‌ను నిలిపివేయించి, బ్యాంకుకు తెలిపి, పోలీసు ఫిర్యాదు ప్రతి తీసుకొనవలెను. ఆ ప్రతి ఆధారంగా సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ సంఖ్యను నిరోధించవచ్చును. ఈ సదుపాయం 2023 మే నుండి దేశమంతట అమలులో ఉన్నది. ఆ సంఖ్య పోయిన ఫోనులో మాత్రమే ఉన్నచో ప్రయోజనం లేదు గనుక ముందుగానే కాగితంపై వ్రాసి ఉంచుకొనుట వివేకం.

మరమ్మతుకు ఇచ్చుటకు ముందు వివరాల ప్రతి తీసి, సిమ్‌ను, మెమరీ కార్డును తొలగించవలెను. అమ్మునపుడు ఖాతాల నుండి వైదొలగి సర్వమూ చెరపవలెను. పనికిరాని పరికరాన్ని, బ్యాటరీని ఇంటి చెత్తతో కలుపరాదు. పెట్టెపై ఉండే, అడ్డగీతలు గీసిన చక్రాల చెత్తడబ్బా గుర్తుకు అర్థమిదే. చెత్తబండిలో నలిగిన లిథియం బ్యాటరీ మంటలు రేపగలదు. కొడుంగైయూరు, పెరుంగుడి వంటి చెత్త కేంద్రాలకు చేరినచో అందలి లోహాలు నేలను, నీటిని కలుషితం చేయగలవు. చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికుని చేతికి తగిలే గాయం కూడ గుర్తుంచుకొనదగినది. ఇట్టి వస్తువులను అధీకృత సేకరణదారులకే అప్పగించవలెను.

సాధన

1. ఇంటిలోని ప్రతి ఫోను ఐఎంఈఐ సంఖ్యను కాగితంపై వ్రాసి రసీదుతో కలిపి ఉంచండి.
2. ఐదు ముఖ్య పత్రాలను స్కాన్ చేసి మూడు చోట్ల భద్రపరచండి. మూడవ చోటు నుండి తిరిగి తెరిచి చూడండి. తెరవబడని ప్రతి లేనిదానితో సమానం.
3. పిల్లల చేత పరికరంలో అవ్వ పేరు, ఊరి పేరు తెలుగులో వ్రాయించి, ఆమెకు చూపించండి.